క్లిక్‌తో వచ్చే క్వెరీ, చేత్తో రాసే క్వెరీ: ఎస్‌క్యూఎల్ నేర్చుకోడానికి ఏ టూల్ పెట్టుకోవాలి?

తిరుపతిలో బీటెక్, ఎంసీఏ చదివే పిల్లలూ, డేటా ఉద్యోగం కోసం బెంగళూరుకో చెన్నైకో వెళ్దామని ప్రిపేర్ అవుతున్నవాళ్లూ నన్ను ఎక్కువగా అడిగేది ఇదే: "అన్నా, వర్క్‌బెంచ్ పెట్టుకోవాలా, డీబీవరా?" ఎస్‌క్యూఎల్ అంటే డేటాబేస్‌లోంచి కావలసింది అడిగే భాష, అలా అడిగే ఒక్కో ప్రశ్న ఒక క్వెరీ, ఈ రెండూ ఆ పనికి వాడే టూల్స్. ఏదో ఒక పేరు చెప్పేయొచ్చు. కానీ మీ ల్యాప్‌టాప్‌లో ర్యామ్ ఎంతుంది, కాలేజీ ల్యాబ్‌లో ఏ డేటాబేస్ నడుస్తోంది, రేపు వెళ్లబోయే కంపెనీలో ఏది వాడతారు అన్నది చూడకుండా చెప్పిన పేరు ఎందుకూ పనికిరాదు. పైగా అంతకన్నా ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. టూల్ మీ బదులు క్వెరీ రాసి పెట్టాలా, మీరు రాస్తుంటే పక్కనుండి సాయం చెయ్యాలా? అది తేలితే పేరు ఎంచుకోవడం పెద్ద పని కాదు.

నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను. నేర్చుకునేవాళ్లకి మంచి టూల్ అంటే, మీరు ఒక బటన్ నొక్కగానే దాని వెనక ఏ ఎస్‌క్యూఎల్ నడిచిందో మీ కళ్ల ముందు పెట్టేది. టేబుల్ తయారు చేసినా, ఒక గడిలో అంకె మార్చినా, ఫిల్టర్ పెట్టినా, ఆ పనికి సరిపోయే స్టేట్‌మెంట్ పక్కనే కనిపించాలి. అది కనిపిస్తే ప్రతి క్లిక్కూ ఒక చిన్న పాఠం అవుతుంది. అది దాచిపెట్టే టూల్‌తో ఏడాది పని చేసినా, నోట్‌ప్యాడ్ ముందు కూర్చోబెట్టి రెండు టేబుళ్లని కలిపే ఒక జాయిన్ రాయమంటే చెయ్యి ఆడదు. ఇంటర్వ్యూల్లో ఇచ్చేది అలాంటి ఖాళీ పేజీనే, అక్కడ లాగి పెట్టడానికి బొమ్మలుండవు.

ఈ రెండు దారులూ ఇవాళ్టివి కావు. ఎడ్గర్ కాడ్ 1970లో డేటాని టేబుళ్లుగా పెట్టుకునే రిలేషనల్ పద్ధతి గురించి పేపర్ రాశాక, ఐబీఎంలో ఛాంబర్లిన్, బాయ్స్ 1974లో రాసి అడిగే భాషని బయటపెట్టారు, అదే తర్వాత ఎస్‌క్యూఎల్ అయింది. అదే దశకంలో అదే ఐబీఎంలో మోషే జ్లూఫ్ గడుల్లో నింపి అడిగే పద్ధతి తయారు చేశాడు. ఇవాళ మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో కనిపించే డిజైన్ గ్రిడ్ ఆ రెండో దారిదే. రెండూ యాభై ఏళ్లుగా పక్కపక్కనే నడుస్తున్నాయి, కాబట్టి గ్రాఫికల్ టూల్ వాడితే తప్పేమో అన్న టెన్షన్ వద్దు. ఎక్కడ వాడాలి, ఎక్కడ ఆపాలి అన్నది తెలిస్తే చాలు.

ఉదాహరణకి పాల లెక్క తీసుకుందాం

మామూలుగా దొరికే ప్రాక్టీస్ డేటా ఏదో విదేశీ మ్యూజిక్ షాపుదో, ఉద్యోగుల జీతాలదో ఉంటుంది. చిత్తూరు జిల్లా పిల్లలకి అంతకన్నా బాగా తెలిసిన లెక్క పాల కేంద్రంలో ఉంది. మూడు టేబుళ్లు చాలు. ఒకటి రైతులు: నంబరు, పేరు, ఊరు, మండలం. రెండోది పాలు: రైతు నంబరు, తేదీ, ఉదయమా సాయంత్రమా అన్న పూట, లీటర్లు, ఫ్యాట్. మూడోది అడ్వాన్సులు: రైతు నంబరు, తేదీ, డబ్బు. దాణాకో ఆవు కొనడానికో తీసుకున్న అడ్వాన్సు బిల్లులో పట్టుకుంటారు కదా, అది. ఈ మూడింటితో ఎస్‌క్యూఎల్‌లో పనికొచ్చే సంగతులు చాలావరకు నేర్చుకోవచ్చు. ఇక్కడ చదవడానికి వీలుగా అన్నీ తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను, మీరు టైప్ చేసేటప్పుడు మామూలుగా ఇంగ్లీష్‌లోనే చెయ్యండి.

ఇప్పుడు ఒక ప్రశ్న. రైతులందరి పేర్లూ రావాలి, పక్కన సాయంత్రం పూట పోసిన లీటర్లు రావాలి, సాయంత్రం పాలు పోయనివాళ్ల పేరు కూడా లిస్టులో ఉండాలి, వాళ్ల పక్కన ఖాళీ ఉన్నా పర్వాలేదు. యాక్సెస్‌లో చేస్తే ఎలా ఉంటుందంటే, రెండు టేబుళ్లని లాగి పెడతారు, రైతు నంబరు దగ్గర ఒక గీత పడుతుంది, ఆ గీత మీద క్లిక్ చేసి రైతులందరూ కావాలని ఎంచుకుంటారు. ఇంతవరకు చక్కగా లెఫ్ట్ జాయిన్ అయింది. తర్వాత కింద గ్రిడ్‌లో పూట అన్న కాలమ్ ఎదురుగా సాయంత్రం అని రాసి రన్ చేస్తారు. వచ్చిన లిస్టులో ఉదయం మాత్రమే పోసేవాళ్లు ఒక్కరూ ఉండరు.

టూల్ ఎర్రర్ ఇవ్వదు, గడుల నిండా అంకెలు కనిపిస్తాయి, అన్నీ సరిగ్గానే ఉన్నట్టుంటుంది. ఏం జరిగిందో తెలియాలంటే ఎస్‌క్యూఎల్ వ్యూ తెరవాలి. గ్రిడ్‌లో రాసిన షరతు, టేబుళ్లు కలిశాక వరుసల్ని వడకట్టే వేర్‌లోకి వెళ్లి కూర్చుంది. లెఫ్ట్ జాయిన్ సాయంత్రం, ఉదయం తేడా లేకుండా అన్ని పూటల పాలనీ ముందు కలిపేస్తుంది, ఏ పాలూ పోయనివాళ్ల దగ్గర పూట స్థానంలో నల్, అంటే విలువ లేదన్న గుర్తు, పెడుతుంది. ఆ తర్వాత వేర్ వచ్చి పూట సాయంత్రం అయిన వరుసల్ని మాత్రమే ఉంచుతుంది. ఉదయం వరుసలు పోతాయి, నల్ ఉన్న వరుసలూ పోతాయి, ఎందుకంటే నల్‌ని దేనితో సమానమా అని అడిగినా అవునని జవాబు రాదు. అలా లెఫ్ట్ జాయిన్ కాస్తా, రెండు టేబుళ్లలోనూ ఉన్నవాటినే ఇచ్చే మామూలు ఇన్నర్ జాయిన్ లాగా పని చేసింది. సరిచెయ్యాలంటే షరతుని వేర్‌లోంచి తీసి, టేబుళ్లు ఎలా కలవాలో చెప్పే ఆన్ పక్కన పెట్టాలి:

సెలెక్ట్ రైతులు.పేరు, పాలు.తేదీ, పాలు.లీటర్లు
ఫ్రమ్ రైతులు లెఫ్ట్ జాయిన్ పాలు
ఆన్ రైతులు.నంబరు = పాలు.రైతు_నంబరు అండ్ పాలు.పూట = 'సాయంత్రం'

ఈ ఒక్క మార్పు గ్రిడ్‌లో గడి నింపి చెయ్యలేరు, చేత్తో రాయాల్సిందే. బొమ్మలతో క్వెరీ కట్టే టూల్స్ మీద నా అసలు అభ్యంతరం ఇక్కడే. తప్పు క్వెరీ రాసి ఇస్తాయని కాదు, మీరు అడిగినదానికి అవి రాసిందే సరిగ్గా సరిపోయింది. ఆన్‌లో పెట్టే షరతుకీ వేర్‌లో పెట్టే షరతుకీ తేడా ఉందన్న విషయమే ఆ తెర మీద కనపడదు.

ఇంకొకటి, దీనివల్ల డబ్బు లెక్క తప్పుతుంది కాబట్టి జాగ్రత్తగా చూడండి. ఒక రైతు వారం రోజులు రెండు పూటలా, పూటకి 4 లీటర్లు పోశాడు. 14 వరుసలు, 56 లీటర్లు. అదే రైతు ఒకసారి 3,000, ఇంకోసారి 2,000 అడ్వాన్సు తీసుకున్నాడు. మూడు టేబుళ్లనీ బొమ్మలో గీతలతో కలిపి లీటర్ల మొత్తం, అడ్వాన్సు మొత్తం అడిగితే 112 లీటర్లు, 70,000 రూపాయలు అని వస్తుంది. ప్రతి పాల వరుసా రెండు అడ్వాన్సు వరుసలతో కలిసి 28 వరుసలయ్యాయి, కాబట్టి లీటర్లు రెట్టింపు, అడ్వాన్సు 14 రెట్లు. గీతలు సరిగ్గానే ఉన్నాయి, బొమ్మ చూడ్డానికి ముచ్చటగా ఉంది, అంకెలు మాత్రం తప్పు. పాలని రైతు వారీగా విడిగా కూడి, అడ్వాన్సుని విడిగా కూడి, ఆ రెండు మొత్తాల్ని తర్వాత కలపాలి. దానికి క్వెరీ లోపల ఇంకో క్వెరీగా సబ్‌క్వెరీ గానీ, ముందే ఒక పేరు పెట్టుకుని విత్ తో మొదలుపెట్టే సీటీఈ గానీ రాయాలి. మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌కి వాడే ఎస్‌ఎస్‌ఎంఎస్ అనే టూల్‌లోని డిజైనర్ సీటీఈని బొమ్మగా చూపించలేకపోతుంది. అంటే మీ పని కాస్త పెద్దదయ్యేసరికి బొమ్మ దారి అక్కడితో ఆగిపోతుంది, ఎలాగూ కీబోర్డు దగ్గరికే రావాలి.

ఇక టూల్స్ సంగతి

మొట్టమొదట మొదలుపెట్టేవాళ్లకి నేను చెప్పేది డీబీ బ్రౌజర్ ఫర్ ఎస్‌క్యూలైట్. ఉచితం, చిన్నది, సర్వర్ అక్కర్లేదు, పాస్‌వర్డ్ అక్కర్లేదు, డేటాబేస్ మొత్తం ఒకే ఫైల్. పాత ల్యాప్‌టాప్‌లోనూ హాయిగా నడుస్తుంది. హాస్టల్లో పక్క రూమ్ వాళ్లకి మీ ప్రాక్టీస్ డేటా ఇవ్వాలంటే ఆ ఫైల్ పంపిస్తే అయిపోయింది. వీటికంటే నాకు నచ్చింది వేరే. కొత్త టేబుల్ పెట్టే విండోలో మీరు ఒక్కో కాలమ్ చేరుస్తుంటే కింద క్రియేట్ టేబుల్ స్టేట్‌మెంట్ అక్కడికక్కడే తయారవుతూ కనిపిస్తుంది. లీటర్లు అని ఒక ఫీల్డ్ చేర్చండి, కింద ఒక లైన్ పెరుగుతుంది. ఖాళీ వదలకూడదని చెప్పే నాట్ నల్ టిక్ పెట్టండి, ఆ లైన్ చివర ఆ మాట వచ్చి చేరుతుంది. టిక్ తీసేయండి, పోతుంది. క్లాసులో అరగంట చెప్పేది ఇక్కడ చూస్తూ చూస్తూ అర్థమైపోతుంది.

అందులోనే ఎస్‌క్యూఎల్ లాగ్ అని ఒక ప్యానెల్ ఉంది, దాన్ని అప్లికేషన్ పంపిన క్వెరీలు చూపించేలా మార్చుకోండి. డేటా చూసే ట్యాబ్‌లో మండలం కాలమ్ పైన ఫిల్టర్ గడిలో చంద్రగిరి అని కొట్టగానే, వెనక అది లైక్ వాడి రెండు వైపులా శాతం గుర్తులు (ముందూ వెనకా ఏ అక్షరాలున్నా సరే అని) పెట్టి అడిగిన క్వెరీ ఆ లాగ్‌లో కనిపిస్తుంది. దాన్ని కాపీ చేసి ఎగ్జిక్యూట్ ట్యాబ్‌లో పేస్ట్ చేసి, మీకు కావలసినట్టు మార్చి రన్ చేయండి. క్లిక్ నుంచి రాయడానికి వెళ్లే దారి ఇంత దగ్గరగా ఇంకెక్కడా లేదు.

రెండు జాగ్రత్తలు మాత్రం ఉన్నాయి. మార్పులు చేశాక రైట్ ఛేంజెస్ నొక్కకపోతే ఫైల్‌లోకి ఎక్కవు. రెండోది ఎస్‌క్యూలైట్ స్వభావం. లీటర్లు అని అంకెల కాలమ్ పెట్టినా, అందులో "నాలుగు" అని అక్షరాలు రాస్తే మామూలుగా ఒప్పేసుకుంటుంది. తేదీకి ప్రత్యేకమైన రకం లేదు, చాలామంది అక్షరాలుగానే దాచుతారు. మనం రాసే అలవాటు ప్రకారం 14-06-2025 అని పెడితే వరుస తప్పుతుంది, జూలై 1వ తేదీ జూన్ 14కి ముందు వచ్చి కూర్చుంటుంది. 2025-06-14 అని సంవత్సరం ముందు పెట్టండి, మొదటి రోజు నుంచే.

కాలేజీ ప్రాజెక్టు పీహెచ్‌పీలో చేస్తున్నవాళ్ల దగ్గర జాంప్ (XAMPP, పీహెచ్‌పీ, డేటాబేస్ కలిపి ఇచ్చే ప్యాకేజీ) ఎలాగూ ఉంటుంది, దానితో పాటు పీహెచ్‌పీమైఅడ్మిన్ వస్తుంది. 1998 నుంచి ఉన్న టూల్ అది, చూడ్డానికి పాతగా ఉన్నా నేర్చుకోడానికి మంచిదే, ఎందుకంటే మీరు ఏ పని చేసినా ఫలితం పైన అది నడిపిన క్వెరీ చూపిస్తుంది. అప్‌డేట్, డిలీట్ రాసినప్పుడు సిమ్యులేట్ అనే బటన్‌తో, నిజంగా మార్చకుండానే ఎన్ని వరుసలకి తగులుతుందో చూడొచ్చు. ఇది అందరూ వాడాలి, వాడేవాళ్లు తక్కువ.

కానీ జాంప్‌లో వచ్చేది మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ కాదు, దాన్నుంచి పుట్టిన మరియాడీబీ. దాని మామూలు సెట్టింగ్స్‌లో, వరుసల్ని గుంపులుగా కూడే గ్రూప్ బై మీద కట్టుదిట్టం లేదు. ఊరు వారీగా లీటర్లు కూడమని రాసి, సెలెక్ట్‌లో రైతు పేరు కూడా పెట్టారనుకోండి. ఒక ఊళ్లో నలభై మంది ఉంటే ఎవరి పేరు చూపించాలి? మరియాడీబీ ఏదో ఒక పేరు తీసి పెట్టేస్తుంది, ఏమీ అనదు. మైఎస్‌క్యూఎల్ 5.7.5 నుంచి అదే క్వెరీకి ఎర్రర్ ఇస్తుంది, పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేస్ కూడా ఒప్పుకోదు. జాంప్‌లో నేర్చుకుని ఇంటర్వ్యూకి వెళ్లినవాళ్లు ఈ ఒక్క చోట తడబడటం చూస్తూనే ఉన్నాను. ఎస్‌క్యూలైట్ కూడా ఈ విషయంలో మెత్తనిదే. అందుకే ఈ రెండింట్లో మొదలుపెట్టినవాళ్లు కూడా కొన్నాళ్లకి గట్టిగా ఉండే డేటాబేస్ దగ్గరికి మారాలి.

విండోస్ ల్యాప్‌టాప్‌లో ర్యామ్ 4 జీబీయే ఉండి, బ్రౌజర్‌లో కాకుండా విడిగా ఒక టూల్ కావాలంటే హైడీఎస్‌క్యూఎల్ పెట్టుకోండి. ఉచితం, తేలిక. దాని కింది భాగంలో ఒక లాగ్ ఎప్పుడూ నడుస్తుంటుంది, మీరు టేబుల్ మీద క్లిక్ చేసినా సరే వెనక పంపిన ప్రతి క్వెరీ అక్కడ పడుతుంది. ఆ కింది భాగాన్ని మూసెయ్యకండి, అసలు చదువు అక్కడే ఉంది.

మైఎస్‌క్యూఎల్ వర్క్‌బెంచ్ గురించి పెద్దగా చెప్పడానికి లేదు. మీ కోర్సు మైఎస్‌క్యూఎల్ అయితే అదే పెట్టుకోండి, మంచి టూల్. టేబుళ్ల మధ్య సంబంధాల బొమ్మ గీస్తుంది, గడిలో అంకె మార్చి అప్లై నొక్కితే నడపబోయే అప్‌డేట్ స్టేట్‌మెంట్ ముందు చూపించి అడుగుతుంది. వేర్ లేకుండా అప్‌డేట్ రాస్తే 1175 అనే ఎర్రర్‌తో ఆపుతుంది. ఆ ఎర్రర్ రాగానే నెట్‌లో చూసి సేఫ్ మోడ్ ఆపేసేవాళ్లే ఎక్కువ, దయచేసి ఆ పని చెయ్యకండి, కీ కాలమ్‌తో వేర్ రాయండి. ఫలితం ఎప్పుడూ 1,000 వరుసల దగ్గర ఆగుతుంటే అది మీ క్వెరీ తప్పు కాదు, పైన లిమిట్ పెట్టి ఉంటుంది. జాంప్‌లోని మరియాడీబీకి వర్క్‌బెంచ్ కలిపితే వెర్షన్ సరిపోలేదని హెచ్చరిక వస్తుంది, కాబట్టి ఆ జోడీ వద్దు.

పోస్ట్‌గ్రెస్‌కి పీజీఅడ్మిన్ 4. దీంట్లో ప్రతి డైలాగ్‌కీ ఎస్‌క్యూఎల్ అనే ట్యాబ్ ఉంటుంది, సేవ్ నొక్కే ముందు అక్కడికి వెళ్తే అది నడపబోయే స్టేట్‌మెంట్ మొత్తం కనిపిస్తుంది. ఆ ట్యాబ్ చూసే అలవాటు ఉన్నవాళ్లు కింద చెప్పే చిక్కులో పడరు. డైలాగ్‌లో టేబుల్ పేరు మొదటి అక్షరం ఇంగ్లీష్ పెద్దక్షరంతో కొడితే, పీజీఅడ్మిన్ దాన్ని డబుల్ కోట్స్‌లో పెట్టి అలాగే తయారు చేస్తుంది. తర్వాత మీరు క్వెరీలో అదే పేరు కోట్స్ లేకుండా రాస్తే, పోస్ట్‌గ్రెస్ దాన్ని చిన్నక్షరాలుగా మార్చుకుని వెతుకుతుంది, అలాంటి టేబులే లేదంటుంది. ఎడమ పక్క లిస్టులో టేబుల్ కళ్లెదుట కనిపిస్తుంటే లేదంటుందేమిటని తల పట్టుకుంటారు. పేర్లన్నీ చిన్నక్షరాల్లో పెట్టండి, మాటల మధ్య అండర్‌స్కోర్ వాడండి, ఈ గొడవే రాదు. క్వెరీని డేటాబేస్ ఎలా నడుపుతుందో చెప్పే ఎక్స్‌ప్లెయిన్‌ని బొమ్మగా చూపించడం కూడా ఇందులో బాగుంటుంది, త్వరగా వెతకడానికి పెట్టే ఇండెక్స్ పెట్టకముందు, పెట్టాక తేడా కళ్లతో చూడొచ్చు. లాగి పెట్టి క్వెరీ కట్టే బిల్డర్ పీజీఅడ్మిన్ 4లో లేదు. నేర్చుకునేవాళ్లకి అది లోటు అనుకోను.

డీబీవర్ కమ్యూనిటీ ఎడిషన్, ఒక్క టూల్ మాత్రమే పెట్టుకుంటాను అనేవాళ్లకి నా ఓటు దీనికే. మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూలైట్, ఒరాకిల్, ఎస్‌క్యూఎల్ సర్వర్, అన్నిటికీ ఇదొక్కటే కలుస్తుంది, ఉచితం, ఓపెన్ సోర్స్. మొదటిసారి కనెక్ట్ అయినప్పుడు డ్రైవర్ డౌన్‌లోడ్ చేసుకుంటుంది, ఆ ఒక్కసారి నెట్ ఉండాలి. జావా మీద నడిచేది కాబట్టి 4 జీబీ మెషీన్‌లో బరువుగా ఉంటుంది, 8 జీబీ ఉంటే ఇబ్బంది లేదు. డేటా గ్రిడ్ పైన ఫిల్టర్ రాసే చోట మీరు రాసేది వేర్ తర్వాత వచ్చే ముక్కే, అంటే ఫిల్టర్ పెడుతున్నా ఎస్‌క్యూఎల్ రాస్తున్నట్టే. క్వెరీ మేనేజర్ తెరిస్తే మీరు నడిపినవన్నీ వరుసగా ఉంటాయి. మొదట 200 వరుసలే తెస్తుంది, అంతే ఉన్నాయనుకోకండి, లెక్క కావాలంటే కౌంట్ రాయండి. బొమ్మలతో క్వెరీ కట్టే బిల్డర్ డబ్బు కట్టే ఎడిషన్లలోనే ఉంది. అందుకోసం డబ్బు పెట్టొద్దని నేను చెబుతాను.

డీబీవర్‌లో అంతగా ఎవరూ చెప్పని ఇంకో సంగతి ఉంది. కనెక్షన్‌కి డెవలప్‌మెంట్, టెస్ట్, ప్రొడక్షన్ అని రకం ఎంచుకోవచ్చు, ప్రొడక్షన్ అని పెడితే ఆ కనెక్షన్ ఎర్ర రంగులో కనిపిస్తుంది. ఉద్యోగంలో చేరిన మొదటి రోజే ఇది పెట్టుకోండి.

ఎస్‌ఎస్‌ఎంఎస్ విండోస్‌లోనే నడుస్తుంది, ఎస్‌క్యూఎల్ సర్వర్ కోసం. వెళ్లబోయే కంపెనీలో డాట్‌నెట్ వాడుతుంటే ఇది తప్పదు, సర్వర్ ఎక్స్‌ప్రెస్ ఎడిషన్ ఉచితంగా దొరుకుతుంది. ఇందులోని క్వెరీ డిజైనర్‌లో మాత్రం ఒక మంచి గుణం ఉంది: పైన బొమ్మ, మధ్యలో గ్రిడ్, కింద ఎస్‌క్యూఎల్, మూడూ ఒకే తెర మీద. బొమ్మలో గీత మారిస్తే కింద ఇన్నర్ జాయిన్ కాస్తా లెఫ్ట్ ఔటర్ జాయిన్ అవుతుంది, కింద రాసి మారిస్తే పైన గీత మారుతుంది. జాయిన్‌లు బుర్రకెక్కనివాళ్లకి ఇక్కడ ఒక సాయంత్రం కూర్చుని ఆడుకోమని చెబుతాను, ఆ తర్వాత మూసెయ్యమంటాను. పాత వీడియోల్లో ఎజ్యూర్ డేటా స్టూడియో పెట్టుకోమని చెబుతుంటారు, దాన్ని 2026 ఫిబ్రవరి 28తో ఆపేస్తున్నట్టు మైక్రోసాఫ్ట్ 2025లోనే ప్రకటించింది, కొత్తగా దాని జోలికి వెళ్లొద్దు.

యాక్సెస్ ఆఫీసు పనికి మంచిది, ఎస్‌క్యూఎల్ నేర్చుకోడానికి మాత్రం నేను చెప్పను. జాయిన్‌లకి బ్రాకెట్ల మీద బ్రాకెట్లు వేస్తుంది, లైక్‌లో శాతం గుర్తు బదులు నక్షత్రం గుర్తు (*) వాడుతుంది, తేదీల చుట్టూ హ్యాష్ పెట్టమంటుంది. ఈ అలవాట్లు వేరే డేటాబేస్‌లలో పెద్దగా పనికిరావు.

కాలేజీ ల్యాబ్‌లో ఒరాకిల్ ఉన్నవాళ్లకి ఒరాకిల్ ఎస్‌క్యూఎల్ డెవలపర్ ఉచితం. వర్క్‌షీట్ కింద క్వెరీ బిల్డర్ అనే ట్యాబ్ ఉంటుంది, టేబుళ్లు లాగి పెట్టి, పక్క ట్యాబ్‌లో అది రాసింది చూడొచ్చు. ల్యాబ్ పరీక్షకి వెళ్లేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: మీరు ఇన్సర్ట్ చేసింది, మార్పుని ఖాయం చేసే కమిట్ కొట్టేదాకా మీ సెషన్‌లోనే ఉంటుంది, పక్క విండోలో ఒరాకిల్ కమాండ్ టూల్ ఎస్‌క్యూఎల్ ప్లస్ తెరిచి చూస్తే కనపడదు. వరుసలు మాయమయ్యాయని కంగారు పడకండి, కమిట్ చేయండి.

డేటాగ్రిప్ చాలా మంచి టూల్, స్టూడెంట్ ఐడీతో ఉచితంగా తీసుకోవచ్చు. కానీ అది మీకంటే ముందే సగం క్వెరీ పూర్తి చేసి పెడుతుంది. చెయ్యి తిరిగాక వాడితే పని వేగంగా సాగుతుంది, మొదట్లో వద్దు.

ఎవరికి ఏది

మొన్న ఒక ఎంసీఏ అమ్మాయి అడిగింది: "అన్నా, క్లిక్ చేస్తే వచ్చేస్తా ఉంది కదా, మళ్లీ రాసేది ఎందుకు?" న్యాయమైన ప్రశ్నే. ఆమెకి చెప్పింది ఇక్కడా చెబుతాను. క్లిక్‌తో కట్టు తల్లీ, కానీ కట్టాక అది రాసింది మొత్తం చదువు, ఫ్రమ్ దగ్గర మొదలుపెట్టి వేర్, గ్రూప్ బై, హ్యావింగ్, ఆ తర్వాత సెలెక్ట్, చివర్లో ఆర్డర్ బై, ఎందుకంటే లెక్క నడిచే వరుస అదే. తర్వాత బిల్డర్ మూసేసి ఖాళీ ట్యాబ్‌లో అదే క్వెరీ చూడకుండా రాయి. రెండిటికీ వరుసల సంఖ్య కలుస్తోందా చూడు. కలవలేదంటే ఆ తేడా ఎక్కడొచ్చిందో వెతకడంలోనే నీకు ఎస్‌క్యూఎల్ వస్తుంది.

డిగ్రీ మొదటి సంవత్సరం, ల్యాప్‌టాప్ పాతది అంటే డీబీ బ్రౌజర్, ఇంకేమీ ఆలోచించొద్దు. ల్యాబ్‌లో ఒరాకిల్ ఉంటే ఇంట్లో కూడా ఎస్‌క్యూఎల్ డెవలపర్ చూసుకోండి, కానీ ఒరాకిల్ ఇన్‌స్టాల్ చెయ్యడానికి మెషీన్ సరిపోకపోతే దాంతో కుస్తీ పట్టొద్దు, ప్రాక్టీస్ పోస్ట్‌గ్రెస్‌లో చేసినా ముప్పాతిక పాళ్లు అదే. డేటా అనలిస్ట్ ఉద్యోగాల వైపు చూస్తున్నవాళ్లు పోస్ట్‌గ్రెస్, డీబీవర్ జోడీ పెట్టుకోండి, ఆటో కంప్లీషన్‌ని మొదటి నెలలు సెట్టింగ్స్‌లో ఆపేసి రాయండి. కంపెనీ ఆఫర్ వచ్చి, అక్కడ ఎస్‌క్యూఎల్ సర్వర్ అని తెలిసిందా, చేరేలోపు ఎస్‌ఎస్‌ఎంఎస్‌తో కాస్త పరిచయం పెంచుకుంటే చాలు, భాష వస్తే టూల్ మారడం కష్టమేమీ కాదు. ఒకేసారి నాలుగు టూల్స్ పెట్టుకుని ఏది మంచిదో తేల్చుకుందామనుకునేవాళ్లు మాత్రం వారమంతా ఇన్‌స్టాలేషన్‌లోనే గడిపేస్తారు.

సొంత డేటా ఎక్కించుకోవాలంటే రెండు మాటలు. ఎక్సెల్‌లో పేర్లు తెలుగులో ఉంటే సేవ్ చేసేటప్పుడు సీఎస్‌వీ యూటీఎఫ్-8 అన్నదే ఎంచుకోండి, మామూలు సీఎస్‌వీ అయితే అక్షరాలన్నీ ప్రశ్న గుర్తులవుతాయి. పీహెచ్‌పీమైఅడ్మిన్‌లో డేటాబేస్ తయారు చేసేటప్పుడు యూటీఎఫ్8ఎంబీ4 కొలేషన్ (అక్షరాల సెట్టింగ్) పెట్టండి. రెండోది మన జిల్లాకి ప్రత్యేకం: పాత జాబితాల్లో చంద్రగిరి, శ్రీకాళహస్తి చిత్తూరు జిల్లా కింద ఉంటాయి, 2022 ఏప్రిల్ 4 తర్వాతి వాటిలో రెండూ తిరుపతి జిల్లా కింద ఉంటాయి. పాత జాబితానీ కొత్తదాన్నీ జిల్లా, మండలం పేర్లతో ఇన్నర్ జాయిన్ చేస్తే ఈ మండలాలు చప్పుడు లేకుండా రాలిపోతాయి, ఏ టూల్ కూడా హెచ్చరించదు. జాయిన్‌కి ముందు ఎన్ని వరుసలు, తర్వాత ఎన్ని అని కౌంట్ చూసుకోండి.

పాల టేబుళ్లు తయారు చేసుకున్నవాళ్లకి కొన్ని ప్రశ్నలు ఇస్తున్నాను, ముందు క్లిక్‌తో ప్రయత్నించి తర్వాత చేత్తో రాయండి. గత వారం ఒక్క పూట కూడా పాలు పోయని రైతులెవరు? ప్రతి మండలంలో సగటు ఫ్యాట్ ఎంత, అది లీటర్లని బట్టి తూచిన సగటా, మామూలు సగటా? ఉదయం కంటే సాయంత్రం ఎక్కువ పోసేవాళ్లు ఎందరు? అడ్వాన్సు తీసుకున్నాక పాలు తగ్గించినవాళ్లు ఉన్నారా? ఇవి నాలుగూ చేశాక, వరుసగా మూడు రోజులు పాలు పోయనివాళ్లని పట్టుకోండి. లేని వరుసల్ని వెతకాలి కాబట్టి ఇది ఏ గ్రిడ్‌లోనూ కుదరదు, లీడ్ అనే విండో ఫంక్షన్‌తో ఒక్కో రైతుకి తర్వాత పోసిన తేదీని పక్కకి తెచ్చుకుని, రెండు తేదీల మధ్య తేడా 3 కంటే ఎక్కువున్న చోట ఆగాలి. ఎస్‌క్యూలైట్‌లో 3.25 నుంచి, మైఎస్‌క్యూఎల్‌లో 8.0 నుంచి ఇది ఉంది, రెండూ 2018లో వచ్చినవే. అంతకన్నా పాత వెర్షన్ మీ దగ్గరుంటే ముందు దాన్ని మార్చుకుని కూర్చోండి.